మోకాలి దెబ్బ తర్వాత మళ్ళీ పరుగు: ఎప్పుడు, ఎంత, ఎక్కడ? (విజయవాడ, గుంటూరు)

బందరు_కాలువ:
"ఇంక పరిగెత్తొచ్చు" అని డాక్టరు అనేస్తారు. ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు, మధ్యలో నొప్పొస్తే ఆగాలా సాగాలా అన్నది చీటీలో ఉండదు. రెండేళ్ళ పైన విరామం, ఎడమ మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, వాపు లేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం పట్టేస్తుంది. వయసు నలభై దాటింది. ఆగకుండా 5 కి.మీ. పరిగెత్తగలిగితే చాలు, మారథాన్ల పిచ్చి లేదు. తెలిసినవాళ్ళు అంకెలతో చెప్పండి. "మెల్లగా మొదలెట్టండి" అని మాత్రం రాయమాకండి. ఎంత మెల్లగా అన్నదే అడుగుతున్నా.

ఫిజియో_బ్రాడీపేట:
ముందు ఆ నొప్పి ఏ రకమో తేల్చుకోవాలి. మోకాలి నొప్పి అని అందరం ఒకే మాట అంటాం గానీ పరిగెత్తేవాళ్ళలో తరచూ కనిపించేవే నాలుగున్నాయి, నాలుగింటికీ దారులు వేరు. ఎక్కడో చూపించమంటే సగం తేలిపోతుంది.

"ఇక్కడంతా" అని అరచేత్తో చిప్ప మొత్తం కప్పి చూపిస్తే, మెట్లు దిగుతున్నప్పుడూ హాల్లో మూడు గంటల సినిమా చూసి లేచినప్పుడూ ఎక్కువైతే, అది చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఉన్న కీలు. మీది ఇదే అయ్యుండొచ్చు. చిప్ప కిందంచున ఒక్క వేలు పెట్టి "ఇదిగో" అంటే టెండన్, కండని ఎముకకి కట్టి ఉంచే తాడు. గెంతితే ఎక్కువవుతుంది. ఒళ్ళు వేడెక్కాక తగ్గినట్టే ఉండి మర్నాడు పొద్దున్న పగ తీర్చుకుంటుంది. మోకాలికి బయటి పక్క, ప్రతిసారీ ఇంచుమించు అదే దూరానికి మొదలై, దిగుడులో ముదిరితే ఐటీ బ్యాండ్, తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్క ఉండే పట్టీ. కీలు గీత వెంట నొప్పి, గొంతుకూర్చుంటే పొడిచినట్టుండటం, అప్పుడప్పుడూ మోకాలు ఇరుక్కుపోయి చాపుకోలేకపోవడం ఉంటే మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య దిండులా ఉండే మెత్త) సంగతి చూడాలి.

మోకాలు వాచి ఉన్నా, నడుస్తుంటే కాలు వదిలేసినట్టు అనిపించినా, పూర్తిగా చాపలేకపోతున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరంతో పాటు కీలు ఎర్రబడి కాలుతున్నా ఇక్కడ చదవడం ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కింద రాసేదంతా ఇవేవీ లేనివాళ్ళకే.

గుణదల_మెట్లు:
ఎమ్మారైలో "మెనిస్కస్ చిరుగు" అని వస్తే ఇక పరుగు కట్టిపెట్టాల్సిందేనా మేడమ్?

ఫిజియో_బ్రాడీపేట:
కాదండీ. నడివయసు దాటినవాళ్ళలో ఏ నొప్పీ లేని మోకాళ్ళకి స్కాన్ తీసినా చిరుగులు కనిపిస్తాయి. రిపోర్టు కన్నా మోకాలు ఇరుక్కుంటోందా, నీరు చేరుతోందా అన్నది ముఖ్యం. రెండూ లేకపోతే వ్యాయామంతోనే మొదలెడతారు.

ఇక ఎప్పుడు మొదలెట్టాలి అంటే, క్యాలెండరు చూసి కాదు, ఇవి చెయ్యగలిగినప్పుడు. 30 నిమిషాలు చురుగ్గా నడవాలి, ఆ రాత్రి గానీ మర్నాడు గానీ నొప్పి పెరగకూడదు. వెల్లకిలా పడుకుని మడమల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుంటే రెండు మోకాళ్ళూ సమానంగా కిందికి దిగాలి. 20 సెం.మీ. ఎత్తు మెట్టు మీద (ఇంటి మెట్టు కాస్త తక్కువుంటుంది, సరిపోతుంది) బాగోలేని కాలి మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకి తాకేదాకా మూడు సెకన్లలో దిగి మళ్ళీ లేవాలి. అలా 10 సార్లు. అద్దం ముందు చెయ్యండి. మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతోందంటే తుంటి కండ బలహీనంగా ఉందని. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం 20 సార్లు. ఆఖరున ఒంటికాలి మీద అక్కడికక్కడే 10 గెంతులు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకుంటే రెండు దాటకూడదు.

ఒక్కటి తప్పినా ఇంకో రెండు మూడు వారాలు బలం మీద పనిచేసి మళ్ళీ చూసుకోండి.

వాపు లేదు అనుకునేవాళ్ళు కూడా ఓసారి పరీక్షించుకోండి. కాలు చాపి, చిప్పకి లోపలి పక్కన ఉండే గుంటని కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరాలి. తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి ఒక్కసారి నిమిరితే లోపలి గుంట ఉబ్బుకుంటూ వచ్చిందా, నీరున్నట్టే. ఇరవై ముప్పై మిల్లీలీటర్ల నీరు చేరినా చాలు, తొడ ముందు కండకి వెళ్ళే ఆదేశాలు మందగిస్తాయి. కండ ఉంటుంది, పని చెయ్యదు. వాపు మీద పరిగెత్తి ఎంత వ్యాయామం చేసినా తొడ ఎందుకు నిండట్లేదని అడిగేవాళ్ళకి జవాబు ఇదే.

లేన్_ఎనిమిది:
కోచింగ్ వైపు నుంచి నేను రాస్తా. మేడమ్ గారి పరీక్షలు దాటినవాళ్ళకి.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ముందు 8 నిమిషాలు నడక, చివర 5 నిమిషాలు నడక, ఎప్పుడూ. మధ్యలో:
1వ వారం: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 6 సార్లు.
2: 1 పరుగు, 1 నడక, 10 సార్లు.
3: 2 పరుగు, 1 నడక, 7 సార్లు.
4: 3 పరుగు, 1 నడక, 6 సార్లు.
5: 5 పరుగు, 1 నడక, 4 సార్లు.
6: 8 పరుగు, 1 నడక, 3 సార్లు.
7: 12 పరుగు, 1 నడక, 2 సార్లు.
8: ఆగకుండా 25.

చూశారుగా, మొదటి వారం ఒక రోజు మొత్తం పరుగు 6 నిమిషాలే. వేగం సంగతికొస్తే, పక్కవాడికి ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలగాలి. చాలామందికి అది కిలోమీటరుకి 8 నిమిషాల దగ్గర పడుతుంది. నడిచే పెద్దాయన దాటిపోయినా ఫర్వాలేదు.

తప్పు జరిగేది సాధారణంగా మూడో, నాలుగో వారంలో. గుండే ఊపిరీ కొన్ని వారాల్లోనే తిరిగి గాడిన పడతాయి. టెండన్లకీ ఎముకలకీ నెలలు పడుతుంది. పైగా ఒకప్పుడు బాగా పరిగెత్తినవాళ్ళకి ఒంట్లో పాత వేగం గుర్తుంటుంది. ఆయాసం రావట్లేదు కదా అని పట్టికలో రెండు మెట్లు (రెండు వారాల వరసలు) ఒకేసారి ఎక్కేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ బాధ లేదు, ఆయాసమే వాళ్ళని ఆపుతుంది. అందుకే తిరిగొచ్చేవాళ్ళకే పట్టిక ఎక్కువ అవసరం.

బందరు_కాలువ:
ఇలాంటిదే కావాలి. నొప్పొస్తే మరి?

లేన్_ఎనిమిది:
పరిగెత్తేటప్పుడు పదికి 2 దాకా పట్టించుకోవక్కర్లేదు. 3 అయితే వేగం తగ్గించి చూడండి. 4 దాటినా, నడక మారి కుంటుతున్నా ఆ రోజుకి పరుగు చాలు, నడుచుకుంటూ ఇంటికి. అసలు తీర్పు మాత్రం మర్నాడు పొద్దున్నదే. లేవగానే మొదటిసారి మెట్లు దిగినప్పుడు ఎలా ఉందో చూసుకోండి. ఎప్పట్లాగే ఉంటే ముందుకి. కాస్త ఎక్కువున్నా 24 గంటల్లో సర్దుకుంటే పట్టికలో అదే మెట్టు ఇంకో వారం. సర్దుకోకపోతే ఒక మెట్టు కిందికి. వాపు వస్తే వారం పాటు నడక మాత్రమే, తగ్గాక రెండు మెట్లు కింద నుంచి.

నొప్పిని రోజూ ఒకే చోటి మెట్ల మీద చూసుకోవాలి సుమా. ఒకరోజు ఇంటి మెట్లు, ఇంకోరోజు ఆఫీసు మెట్లు అయితే పోలిక కుదరదు.

పటమట_మాస్టారు:
ఇన్ని లెక్కలెందుకు బాబూ. వారానికి పది శాతం పెంచుకుంటూ పొమ్మనేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు.

లేన్_ఎనిమిది:
మాస్టారూ, ఆ పది శాతాన్ని నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలెట్టినవాళ్ళ మీద పరీక్షించారు. పది శాతం చొప్పున పెంచిన గుంపుకీ, ఇంకా తొందరగా పెంచిన గుంపుకీ దెబ్బలు ఇంచుమించు సమానంగానే తగిలాయి. వారం మొత్తం లెక్క చక్కగా ఉండి, ఆదివారం ఒక్కరోజే అంతా కుమ్మేస్తే ఆ పది శాతం ఏం కాపాడుతుంది? గత నెలలో ఒక్కసారిగా పరిగెత్తిన అతి పెద్ద దూరం ఎంతో చూసుకుని, దాన్ని ఒక్కరోజులో బాగా మించిపోకుండా ఉండటం మేలు. 3 కి.మీ. మించనివాడు స్నేహితులు పిలిచారని 6 కి.మీ. ఫన్ రన్‌కి పోవడం, ఇదీ దెబ్బ తగిలే తీరు.

పటమట_మాస్టారు:
ఆదివారం సంగతి మాత్రం ఒప్పుకుంటా.

బ్యారేజీ_బాట:
ఎక్కడ పరిగెత్తాలో ఎవరూ రాయలేదు కాబట్టి.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఆ చివరికెళ్ళి వస్తే రమారమి 2.4 కి.మీ. చదునుగా ఉంటుంది, అదే దాని గొప్ప. వాహనాలు తప్పవు, నీడ లేదు, ఎండెక్కితే నిలబడలేం. తెల్లారకముందే ముగించగలిగితేనే వెళ్ళండి. దసరా రోజుల్లో ఆ ఆలోచనే వద్దు.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ వెంట రోడ్లున్నాయి. వాటితో చిక్కు వాలు. నీళ్ళు పోవడానికి రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. ఎప్పుడూ మీకు ఎడమ చేతి వైపు అంచునే పరిగెత్తితే పల్లం వైపు కాలు ఒకలా, ఎత్తు వైపు కాలు ఇంకోలా పడుతుంది. ఐటీ బ్యాండ్ ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. వెళ్ళినప్పటి అంచునే తిరిగి వస్తే పల్లం వైపు పడే కాలు మారుతుంది. కానీ ఒకవైపు బళ్ళు వెనక నుంచి వస్తాయి, అది గుర్తుంచుకోండి.

నాగార్జున యూనివర్సిటీలో సింథటిక్ ట్రాక్ ఉంది. విజయవాడ వాళ్ళకీ గుంటూరు వాళ్ళకీ నడిమధ్య. బయటివాళ్ళని ఏ వేళల్లో రానిస్తారో ముందు కనుక్కుని వెళ్ళండి. గుంటూరులో బీఆర్ స్టేడియం, ఎన్టీఆర్ స్టేడియం, ఇక్కడ ఐజీఎంసీ స్టేడియం ఎలాగూ ఉన్నాయి. ఎక్కడైనా సరే, మొదటి రెండు నెలలూ గాంధీ కొండ, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు, మంగళగిరి కొండ మెట్లు పక్కన పెట్టెయ్యండి. ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూ బ్రేకు వెయ్యాలి, ఆ బిగింపంతా చిప్ప మీదే.

లేన్_ఎనిమిది:
ట్రాక్ గురించి ఒక ముక్క. మొదటి లేన్ చుట్టు 400 మీటర్లు, ఎనిమిదోది 453. బయటి లేన్‌లో మలుపు పెద్దది కాబట్టి కాలు మెలిక తక్కువ పడుతుంది, తీరిగ్గా పరిగెత్తేవాళ్ళు అక్కడే ఉండాలి. ఎప్పుడూ ఎడమకే తిరగడం వల్ల రెండు కాళ్ళ మీదా భారం ఒకేలా ఉండదు. రద్దీ లేనప్పుడు సగం సేపు ఎదురు దిక్కున తిరగండి. పక్కవాళ్ళకి చెప్పి మరీ.

కబడ్డీ_కాలు:
అన్నా, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే కట్టు) ఆపరేషన్ అయినవాళ్ళకీ ఇదే పట్టికా? మూడు నెలలు దాటితే పరిగెత్తొచ్చంటున్నారు జిమ్‌లో.

ఫిజియో_బ్రాడీపేట:
తమ్ముడూ, మూడు నెలలు అన్నది అతి త్వరగా అంటే, అని. దాటగానే అని కాదు. కొత్తగా వేసిన గ్రాఫ్ట్ (తెగిన కట్టు స్థానంలో పెట్టేది) మొదటి నెలల్లో ఒక దశలో వేసినప్పటికన్నా బలహీనంగా ఉంటుంది, నొప్పి మాత్రం ఆ సరికి పోయుంటుంది. అక్కడే మోసపోతారు. వాపు సున్నా ఉండాలి, మోకాలు పూర్తిగా చాచాలి, తొడ ముందు కండ బలం బాగున్న కాలితో పోలిస్తే కనీసం 70 శాతం ఉండాలి. జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద ఒక్కో కాలికీ విడివిడిగా చూసుకోవచ్చు గానీ, ఏ నెల నుంచి, ఏ కోణం దాకా అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరుని అడిగాకే. మెనిస్కస్‌కి కుట్లు కూడా వేసి ఉంటే ఇంకా ఆలస్యం.

అవన్నీ ఉన్నాక లేన్ ఎనిమిది గారి మొదటి మెట్టు, మలుపులు లేని తిన్నని దారిలో మాత్రమే. కూతకి వెళ్ళడం, చటుక్కున తిరగడం, పట్టు విడిపించుకోవడం 9 నెలల ముందు వద్దు. ఆ 9 నెలల దాకా ప్రతి నెల ఆగిన కొద్దీ మళ్ళీ తెగే ముప్పు తగ్గుతుంది.

రోహిణి_కార్తె:
మే నెలలో మొదలెట్టేవాళ్ళు ఎండ లెక్క వేసుకోకపోతే పట్టిక అంతా గాల్లో కలుస్తుంది. మన దగ్గర ఎండొక్కటే కాదు, ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. అలసిపోయిన తుంటి కండ మోకాలిని నిటారుగా పట్టుకోలేదు. అంటే ఎండ దెబ్బ చివరికి మోకాలికే వస్తుంది.

పొద్దున్న 5కి మొదలెట్టి 6లోపు ముగించండి. సాయంత్రం 6 అయినా తారు రోడ్డు వేడి కక్కుతూనే ఉంటుంది. ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రెండు వారాలూ ఉన్న మెట్టు మీదే ఉండిపోండి. వాచీలో వేగం చూడమాకండి, నిమిషాలు చూడండి.

చెమట ఎంత పోతోందో తెలుసుకోవాలంటే పరుగుకి ముందూ తర్వాతా తక్కువ బట్టల్లో బరువు చూసుకోండి. అర కిలో తగ్గితే అర లీటరు పోయినట్టు. అరగంట పరుగుకి మామూలు నీళ్ళు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ చాలు. చెమట ధారగా పోయేవాళ్ళు ఓఆర్‌ఎస్ తాగొచ్చు గానీ లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో కలిపి చిక్కగా తాగితే కడుపు తిప్పుతుంది, ఉప్పు ఎక్కువైపోతుంది. బీపీ, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా తాగమాకండి.

గుణదల_మెట్లు:
పరుగుకి ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే?

రోహిణి_కార్తె:
అసలొద్దు.

ఫిజియో_బ్రాడీపేట:
ఎందుకొద్దో చెబుతాను. పై పట్టిక మొత్తం నొప్పి చెప్పే మాట మీద నడుస్తోంది. మాత్రతో ఆ నోరు మూసేస్తే మర్నాటి తీర్పుకి విలువ లేదు. రెండోది, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటతో నీరు పోయిన ఒంట్లో, మన వేసవిలో, అది ప్రమాదం. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు కాబట్టి మామూలు మందే అనుకోకూడదు. పరిగెత్తాలంటే మాత్ర కావాల్సి వస్తోందంటే ఇంకా పరుగు వేళ కాలేదనే అర్థం.

మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) గురించి కూడా అడుగుతారు. చిప్ప నొప్పికి కొన్నాళ్ళు వేసుకుంటే హాయిగా ఉంటే వేసుకోండి, హాని లేదు. అది బలం ఇవ్వదు. నూనె మర్దనా అంతే. వాచిన మోకాలికి మాత్రం గట్టి మర్దనా, కాపడం రెండూ పనికిరావు.

బందరు_కాలువ:
బలం, బలం అంటున్నారు. జిమ్‌కి వెళ్ళనివాళ్ళ సంగతేంటి?

ఫిజియో_బ్రాడీపేట:
ఇంట్లోనే చెయ్యొచ్చు. వారానికి రెండు రోజులు, పరుగు లేని రోజునో, పరుగు అయిన సాయంత్రమో.

గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు దిగి ఆగడం. మోకాలు 60 డిగ్రీల దాకా, 45 సెకన్లు, 5 సార్లు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. టెండన్ నొప్పి ఉన్నవాళ్ళకి కాసేపు నొప్పి తగ్గించే గుణం కూడా ఇందులో ఉంది. రెండోది, పైన పరీక్షకి చెప్పిన మెట్టు దిగుడు, 8 చొప్పున 3 విడతలు. తేలికైపోయాక బ్యాగులో 5 కిలోల బియ్యం వేసి భుజాన తగిలించుకోండి, తర్వాత 8 కిలోలు. బరువు పెంచకుండా సంఖ్య పెంచుకుంటూ 50కి పోవడం వల్ల ఓర్పు వస్తుంది గానీ బలం రాదు. మూడోది తుంటికి: పక్కకి తిరిగి పడుకుని పైకాలు చాపి, కాస్త వెనక్కి ఉంచి ఎత్తడం, 12 చొప్పున 3 విడతలు. కాలు ముందుకి వచ్చేస్తే పని తుంటి పక్క కండకి తగలదు, అందరూ చేసే పొరపాటు అది. నాలుగోది పిక్క: మడమలు ఎత్తడం మోకాలు చాపి ఒక విడత, కొద్దిగా వంచి ఇంకో విడత. వంచి చేసినప్పుడు లోపలి పిక్క కండకి పని. పరుగులో ఆ కండ మీద ఒంటి బరువుకి ఎన్నో రెట్లు పడుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

బస్కీలు అలవాటున్నవాళ్ళు పూర్తిగా కిందికి దిగమాకండి. చిప్ప నొప్పి ఉన్నప్పుడు మొదట 45 డిగ్రీల దాకా, నొప్పి తగ్గే కొద్దీ లోతు.

కత్తిపీట:
ఇదే అడగాలనుకున్నా అండీ. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం, ముగ్గు వెయ్యడం... ఇవి ఆపాలా? మొగవాళ్ళ సలహాల్లో ఇవి ఉండవు.

ఫిజియో_బ్రాడీపేట:
మంచి ప్రశ్న. పరుగు ఉన్న రోజు ఆ పనులు కూడా మోకాలి ఖాతాలోనే పడతాయి. చిప్ప నొప్పికి శాశ్వతంగా మానక్కర్లేదు, మొదటి నెల ఒకేసారి పది పదిహేను నిమిషాలు మించకుండా చూసుకోండి. ముగ్గు గొంతుకూర్చుని కాకుండా నడుము వంచి వెయ్యగలిగితే మోకాలికి తేలిక. మెనిస్కస్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కుట్లు పడ్డవాళ్ళు, గొంతుకూర్చోవడం డాక్టరు చెప్పేదాకా మానాల్సిందే. ఆఫీసులో కుర్చీలో రోజంతా కాళ్ళు మడిచి కూర్చునే వాళ్ళకీ ఇదే లెక్క, అరగంటకోసారి కాళ్ళు చాపండి. ఇండియన్ టాయిలెట్ వాడేవాళ్ళు పట్టుకుని లేవడానికి గోడకి ఒక కడ్డీ వేయించుకోవచ్చు.

వాచీ_లేదు:
అడుగుల వేగం గురించి ఎవరూ రాయలేదు. చిప్ప నొప్పికి ఖర్చు లేని చిట్కా ఇదే. మామూలు వేగంతో పరిగెత్తుతూ 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలకి తగిలిందో లెక్కపెట్టి 4తో గుణించండి. 39 అనుకుందాం, అంటే నిమిషానికి 156. దానికి 5 శాతం కలిపితే 164. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం వేసే) ఆప్ పెట్టుకుని, వేగం పెంచకుండా, అడుగు పొట్టిగా వేస్తూ ఆ తాళానికి పరిగెత్తాలి. మొదట పరుగులో ఒక్కో నిమిషం, తర్వాత మొత్తం. అడుగులు 10 శాతం పెరిగితే చిప్ప మీద పడే అత్యధిక భారం 14 శాతం దాకా తగ్గుతుందని కొలిచారు. పాదం ఒంటికి మరీ ముందు పడకపోవడమే కారణం.

అందరికీ 180 అనేది వినే ఉంటారు. 1984 ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ లెక్కపెట్టిన అంకె అది, పోటీలో దూసుకుపోయే వాళ్ళది. కిలోమీటరుకి 8 నిమిషాల మనిషికి అది కొలబద్ద కాదు.

బ్యారేజీ_బాట:
బూట్ల మీద రెండు ముక్కలు, ఎందుకంటే విరామం తర్వాత అటక మీది పాత జత దింపుతారు. మన ఉక్కకి జిగురు వదిలేస్తుంది, కొన్నిటి మధ్య అట్ట గట్టిపడుతుంది, కొన్నిటిది పొడిపొడిగా రాలుతుంది. తక్కువ తొడిగినవే కదా అనుకోవద్దు, వయసు లెక్క కూడా ఉంటుంది. అట్టని బొటనవేలితో నొక్కి చూడండి, దిగకపోయినా, పక్కల్లో ముడతలు శాశ్వతంగా పడిపోయినా కొత్తవి కొనండి. వాడుకలో ఉన్న జత ఎంచక్కా 500 నుంచి 800 కి.మీ. వస్తుంది.

కొనేది సాయంత్రం. పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులో కూడా అంతే. పొడుగు వేలి ముందు బొటనవేలు పట్టేంత జాగా. మడమకీ ముందరికీ ఎత్తు తేడా చూసుకోండి: తేడా తక్కువ, అంటే 4 మి.మీ. లోపుంటే భారం మోకాలి నుంచి పిక్కకీ మడమ టెండన్‌కీ జరుగుతుంది. మోకాలికి మంచిదని ఒక్కసారిగా అలాంటివి తొడిగితే పిక్క పట్టేస్తుంది. ఇదివరకు అలవాటైన ఎత్తే మొదటి రెండు నెలలూ ఉంచుకోవడం నయం.

పటమట_మాస్టారు:
గుజ్జు అరిగిపోతుందని ఇంట్లో గోల చేస్తారు. దానికేం చెబుతారు?

ఫిజియో_బ్రాడీపేట:
మాస్టారూ, 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో సరదాగా పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, పరుగే లేనివాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీ స్థాయి వాళ్ళలో 13.3. బరువు, పాత దెబ్బలు లాంటివి ఈ అంకెల వెనక ఉంటాయి కాబట్టి పరుగే కాపాడిందని చెప్పలేం, అరగదీస్తుందని మాత్రం అసలే చెప్పలేం. ఇప్పటికే అరుగుదల ఎక్కువున్నవాళ్ళది వేరే లెక్క, అది చూసి చెప్పాలి.

గుణదల_మెట్లు:
మిగతా రోజుల్లో సైకిల్ తొక్కొచ్చా?

లేన్_ఎనిమిది:
భేషుగ్గా. సీటు ఎత్తు సరిచేసుకోండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగానే, 30 డిగ్రీలు వంగి ఉండాలి. మనవాళ్ళు రెండు పాదాలూ నేలకి ఆనాలని సీటు దించేస్తారు, అలా అయితే ప్రతి తొక్కుకీ చిప్ప నలుగుతుంది. 30 నిమిషాలు, తేలిక గేరులో. ఇంకోటి, తెల్లవారుజామున కుక్కలు వెంటపడితే పరిగెత్తమాకండి, ఆగి నడవండి. తయారుగా లేని మోకాలికి ఆ ఒక్క ఉరుకు చాలు.

బందరు_కాలువ:
25 నిమిషాలు వచ్చాక 5 కి.మీ. దాకా ఎలా? మధ్యలో పెళ్ళిళ్ళో జ్వరమో వచ్చి ఆగిపోతే?

లేన్_ఎనిమిది:
కిలోమీటరుకి 8 నిమిషాల చొప్పున 25 నిమిషాలంటే 3 కి.మీ. దాటుతుంది. 5 కి.మీ.కి 40 నిమిషాలు కావాలి. అక్కడి నుంచి వారంలో ఒక్క రోజే 3 నిమిషాలు పెంచండి, మిగతా రెండు రోజులూ 20–25 నిమిషాల దగ్గరే ఉంచండి. అయిదు వారాల్లో 40 అవుతుంది. ఈ అయిదు వారాల్లో వేగం పెంచొద్దు. దూరం, వేగం ఒకేసారి పెంచితే మోకాలు మొరాయించినప్పుడు ఏది కారణమో తెలియదు. 40 నిమిషాలు రెండు వారాలు హాయిగా గడిచాకే, మధ్యలో ఓ నాలుగుసార్లు 20 సెకన్ల చొప్పున కాస్త చురుగ్గా.

ఆగిపోతే: వారం లోపు అయితే ఉన్న మెట్టే. రెండు వారాలైతే ఒక మెట్టు కిందికి. నెలైతే సగానికి. రెండు నెలలు దాటితే ఫిజియో గారి మెట్టు పరీక్ష నుంచి. జ్వరం తర్వాత మాత్రం జ్వరం పోయి వారం గడిచేదాకా నడకే. డెంగీ లాంటిది అయితే డాక్టరు చెప్పినన్నాళ్ళు.

కబడ్డీ_కాలు:
మొరాయిస్తే నాలుగైదు రోజులు చూసి మళ్ళీ మొదలెట్టడమేనా, చూపించుకోవాలా?

ఫిజియో_బ్రాడీపేట:
రెండు మెట్లు దిగినా రెండు వారాల్లో మార్పు లేకపోతే చూపించుకోండి. వెళ్ళేటప్పుడు పరిగెత్తిన రోజులు, నిమిషాలు, మర్నాటి నొప్పి మార్కు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పాత స్కాన్ రిపోర్టు కన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది. ఏసీఎల్ సంగతి కాబట్టి నీకు మాత్రం వాపు కనపడిన రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చెయ్యడం, ఆగొద్దు.